బోరు నీళ్లు, ముద్ద మందారం

2024 జూన్ 9, ఆదివారం

మిరుగం వచ్చింది. నాయిన కత్తెరకు నూనె రాసి బయట పెట్టాడు. మందారం కొమ్మలు నాటడానికి ఆయన లెక్కలో ఇంతకన్నా మంచి కార్తె లేదు. ఎండ తగ్గాలి, గాలిలో తడి ఉండాలి, కొమ్మలో ఉన్న చెమ్మ ఆరకముందే వేరు దిగాలి.

కొమ్మ పెన్సిలంత లావు, జానెడు పొడుగు. మరీ లేతదైతే కుళ్లుతుంది, ముదిరిపోతే వేరు వేయడానికి బద్ధకిస్తుంది. కణుపుకి సరిగ్గా కింద ఏటవాలుగా కోస్తాడు. కింది ఆకులు దూసేసి, పైన రెండాకులు మాత్రం ఉంచి, వాటినీ సగానికి కత్తిరిస్తాడు. రెండు కణుపులు మట్టిలో, రెండు పైన. ఎర్రమట్టి సగం, ఇసుక సగం. పశువుల ఎరువు తెచ్చి ఇవ్వబోతే వద్దన్నాడు.

"వేరు లేనోనికి తిండి ఎందుకు బిడ్డా? ముందు వేరు రానీ."

జూన్ 12

బడులు తెరిచారు. స్టాఫ్ రూములో ఒక మేడమ్ అడిగింది: "మీ నాన్నగారు వేసిన ప్రతి కొమ్మా బతుకుతుందట, చేయి అంత మంచిదా?" ఇస్నాపూర్‌లో మా సందంతా ఇదే మాట. నాయిన చచ్చిపోయిన కొమ్మలను పొద్దున ఎవరూ లేవకముందే పీకి పారేస్తాడు కాబట్టి సందుకు బతికినవే కనిపిస్తాయి. ఈ రహస్యం అమ్మకూ నాకూ తెలుసు.

జూన్ 25, మంగళవారం

సంకటహర చతుర్థి మంగళవారం పడింది, అంగారక చతుర్థి. తెల్లారకముందే హైవే పక్కన నడిచేవాళ్లు కనిపించారు, రుద్రారం గణేష్‌గడ్డకు. లారీల వెలుగులో చెప్పుల్లేని కాళ్లు. మా గేటు ముందు ఐదింటికే నలుగురు ఆడవాళ్లు, చేతుల్లో కవర్లు. వినాయకుడికి ఎర్ర మందారం కావాలి.

నాయిన పువ్వులకు అడ్డు చెప్పడు. మందారం బతుకు ఒక్క పగలు. పొద్దున విచ్చుకుంటే సాయంత్రానికి ముడుచుకుంటుంది, కోసినా కోయకపోయినా అంతే. మొగ్గ మీద చేయి పడితే మాత్రం ఊరుకోడు. "అది రేపటిది చెల్లె, రేపు రా."

జులై 6

రెండో వరుసలో ముద్ద మందారం ఆకులు పసుపుబారాయి. ఈనెలు మాత్రం పచ్చగానే ఉన్నాయి. యూరియా వేయమని ఎదురింటాయన సలహా. నాయిన ఆకును ఎండకు అడ్డంగా పట్టి చూసి తల అడ్డంగా ఊపాడు. నత్రజని తక్కువైతే ముదురాకు ముందు మొత్తంగా పసుపవుతుంది. లేతాకులో ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పాలిపోతే అది ఇనుము లోపం. మట్టిలో ఇనుము లేక కాదు. మా బోరు నీళ్లలో సున్నం, ఉప్పు ఎక్కువ. పోసిన కొద్దీ కుండీలో మట్టి క్షారంవైపు జరుగుతుంది, ఉన్న ఇనుము వేరుకు అందదు. బకెట్ అంచున తెల్లటి పొర కట్టిందంటే ఆ నీళ్ల చేవ్రాలే.

లీటరు నీళ్లకు ఐదు గ్రాముల అన్నభేది (ఐరన్ సల్ఫేట్), ఒక గ్రాము నిమ్మ ఉప్పు. సాయంత్రం పూట ఆకుల మీద పిచికారీ. వేరుశనగ రైతులకు చెప్పే మందే ఇది. ఎరువుల దుకాణంలో అన్నభేది వంద గ్రాములే కావాలంటే షాపతను నవ్వి కాగితంలో పొట్లం కట్టి ఇచ్చాడు.

జులై 8

ఇక్రిశాట్ గోడ పక్క నుంచి బస్సు పోతుంటే నాయిన చెప్పిన మాట గుర్తొచ్చింది. 1972లో ఆ సంస్థ ఇక్కడికి వచ్చినప్పుడు దొరికిన నేలలో ఎర్ర చెల్కా ఉంది, నల్లరేగడీ ఉంది. జొన్న, సజ్జ, కంది, శనగ, పల్లి పరిశోధనకు రెండూ కావాలి. మందారం కుండీకి మాత్రం ఎర్రమట్టే. రేగడి వానకు బురదై, ఎండకు నెర్రెలిచ్చి వేరును పట్టి లాగుతుంది.

జులై 18

ఏడో తరగతి, ఆమ్లాలు, క్షారాలు. ఇంటి నుంచి ఎర్ర మందారాలు పట్టుకుపోయాను. వేడినీళ్లలో రేకులు నానేస్తే ఊదాఎరుపు నీళ్లు దిగాయి. నిమ్మరసం చుక్కకు ముదురు గులాబీ, సబ్బు నీళ్లకు ఆకుపచ్చ, సున్నపు తేటకు ఇంకా చిక్కటి ఆకుపచ్చ. పిల్లల అరుపులకు హెడ్మాస్టరు గారు కిటికీ దగ్గరికి వచ్చారు. రేకులోని ఆంథోసయనిన్ అనే రంగు పదార్థం చేసే పని ఇది.

ఇంటి నుంచి నీళ్లు తెమ్మని చెప్పాను. బోరు నీళ్ల సీసాలో రంగు కాస్త మసకబారి పచ్చవైపు వాలింది. వాన నీళ్లలో పెద్దగా మార్పు లేదు. వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచింది. వాళ్ల నాన్న పాశమైలారం పారిశ్రామికవాడలో కాంట్రాక్టు లేబరు.

"టీచర్, రంగు మారకపోతే తాగొచ్చా?"

తాగకూడదు. ఉప్పు ఎంతున్నా ఈ పువ్వుకు తెలియదు. సీసం, ఆర్సెనిక్ కలిసినా తెలియదు. పులుపా, క్షారమా అన్న ఒక్క ప్రశ్నకే దాని దగ్గర జవాబు ఉంది. ఇదంతా బోర్డు మీద రాయించాను, పరీక్షలో రాదని తెలిసే.

జులై 19

నిన్నటి సంగతి నాయినకు చెప్పాను. మందుల కంపెనీలో ఈటీపీ ఆపరేటరుగా రిటైరైన మనిషి. వ్యర్థజలాల ట్యాంకులో పీహెచ్ చూసి, ఆమ్లమైతే సున్నం, క్షారమైతే యాసిడ్ కలిపి ఏడుకు తేవడమే ఆయన షిఫ్టు.

"మా మీటరూ గా పువ్వు లెక్కనే. ఏడు చూపిస్తే గేటు తీసేటోళ్లం. ఏడు లోపల ఏమేం ఉన్నదో మాకేం ఎరుక?"

ఆగస్టు 4

పక్కింటాయన నీలం డ్రమ్ము సగానికి కోయించి తెచ్చాడు, మొక్కలకు పనికొస్తుందని నాయినకు కానుక. ఈ పరిశ్రమల బెల్టులో కంపెనీల పాత డ్రమ్ములు చౌక. నీళ్లు పట్టుకోవడానికి, బియ్యం పోసుకోవడానికి, పెళ్లిలో మజ్జిగ కలపడానికీ అవే. నాయిన లేబుల్ వెతికాడు. చింపేసి ఉంది. మూత దగ్గర వాసన చూడడం కూడా వద్దని నన్ను వెనక్కి లాగి, దాన్ని గేటు బయట బోర్లించాడు.

మొక్కలన్నీ పెయింటు బకెట్లలోనే. ప్రతి బకెట్ మీదా కంపెనీ పేరు, రంగు పేరు చదవొచ్చు. "ఏం పోసిండ్రో తెల్వని గిన్నెల అన్నం తినం కదా" అన్నాడు. పక్కింటాయన రెండు రోజులు మాట్లాడలేదు.

సెప్టెంబర్ 1, ఆదివారం

నిన్నటి నుంచి ఆగని వాన. ఖమ్మం వైపు మునిగిపోతోందని టీవీలో చూపిస్తున్నారు. ఇక్కడ హైవే సర్వీసు రోడ్డు చెరువైంది. నాయిన గొడుగు పట్టుకొని బకెట్ల చుట్టూ తిరుగుతున్నాడు. ప్రతి బకెట్ అడుగున రంధ్రాలు పుల్లతో పొడిచి తెరిచాడు. వేసవంతా బోరు నీళ్లతో పేరుకున్న ఉప్పు కడిగేయడానికి ఏడాదిలో ఇలాంటి వాన రెండు మూడుసార్లే దొరుకుతుంది. నీళ్లు అడుగు నుంచి ధారగా పోవాలి, నిలబడితే వేరు కుళ్లుతుంది.

వాన లేని రోజుల్లో సందు చివర మెడికల్ షాపు ఏసీ పైపు కింద డబ్బా పెడతాడు. గాలిలోని తేమ నీరైంది కాబట్టి దానిలో ఉప్పుండదు. ఆర్వో ప్లాంటు నుంచి బయటికి పోయే నీళ్లను మాత్రం దగ్గరికి రానివ్వడు. వడగట్టిన ఉప్పంతా అందులోనే ఉంటుంది.

సెప్టెంబర్ 7

వినాయక చవితి. తొమ్మిదింటికల్లా చెట్లు బోడి. అమ్మ తన పూజకు ఒక్క పువ్వు దాచుకోలేకపోయిందని నాయిన మీద అలిగి, కొట్టు నుంచి బంతిపూలు తెప్పించింది.

సెప్టెంబర్ 15

లేత చిగుళ్ల దగ్గర తెల్లగా పిండి చల్లినట్టుంది. పిండినల్లి. నాయిన పురుగును వదిలి చీమల బారును వెతికాడు. పిండినల్లి విసర్జించే తీపి రసం కోసం చీమలు దానికి కాపలా కాస్తాయి, కొత్త కొమ్మలకు మోసుకెళ్తాయి కూడా. బాగా పట్టిన కొసలు కత్తిరించి కవర్లో మూట కట్టాడు. మిగతావాటి మీద నీళ్ల పైపుతో గట్టిగా కొట్టి, లీటరుకు ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, చిటికెడు సబ్బుపొడి కలిపి చల్లాడు.

ఆ కవరును కూరగాయల మడి వైపు పోనివ్వలేదు. బెండ, పుంటికూర, పత్తి, మందారం అన్నీ ఒకే వంశం. ఒకదానికి పట్టింది ఇంకోదానికి పాకుతుంది. సదాశివపేట వైపు పోతే రోడ్డుకు రెండు పక్కలా పత్తి చేలు. ఆ పువ్వు మొదటి రోజు మీగడ రంగు, మర్నాడు గులాబీ. దూరం నుంచి చూస్తే చిన్న మందారమే.

అక్టోబర్ 10, గురువారం

సద్దుల బతుకమ్మ. తాంబాళంలో గునుగు, తంగేడు, బంతి, కట్లపూలు. మందారం పెడతానంటే అమ్మ ఒప్పుకోలేదు. పగలు పేరిస్తే ఆట మొదలయ్యే వేళకు ముడుచుకుపోతుంది. నాయిన మొహం చిన్నబోయింది. గునుగుకు ఎవరూ నీళ్లు పోయరు, మందూ కొట్టరు. బీడులో తనంతట తాను మొలిచి వారాలపాటు రంగు పోకుండా ఉంటుంది. ఏడాదంతా సేవ చేయించుకున్నది ఒక పూటకే వాడిపోతుంది.

అక్టోబర్ 31

దీపావళి. వెనక గదుల్లో అద్దెకుండే ఒడిశా కుర్రాళ్లు రాత్రికి కాళీ పూజ పెట్టుకున్నారు. ఎర్ర మందారాల దండ కావాలి, రాత్రిదాకా వాడకూడదు. నాయిన వాళ్లను పొద్దున్నే రమ్మన్నాడు. "సుబే జల్దీ ఆనా." ఆరింటికి కోసి, తడిగుడ్డలో చుట్టి, ఫ్రిజ్‌లో కూరగాయల అర మొత్తం ఖాళీ చేయించాడు. చల్లదనానికి ముడుచుకోవడం ఆలస్యమవుతుంది. రాత్రి ప్రసాదం తెచ్చినవాళ్ల ఫోనులో ఫొటో చూశాం. పూలు విప్పారే ఉన్నాయి. ఫ్రిజ్‌లోంచి తీసిన టమాటాలు రెండు ఎలుక పాలయ్యాయి.

నవంబర్ 17

ముద్ద మందారానికి విత్తనం కట్టదు. కేసరాలన్నీ రేకులైపోయాయి. కొమ్మ నుంచి కొమ్మే తప్ప దానికి వేరే దారి లేదు. అంటే మా వాకిట్లో ఉన్నది నాయనమ్మ ఇంటి బావి గట్టున ఉన్న చెట్టే. నక్కవాగు ఒడ్డు ఊరు వాళ్లది. నాయిన ఉద్యోగంలో చేరిన కొత్తలో తడి గోనెగుడ్డలో చుట్టి తెచ్చిన కొమ్మ ఇది.

పారిశ్రామికవాడ 1970లలో మొదలైంది. పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం, జిన్నారం దాకా పాకింది. మందుల కంపెనీల నీళ్లు వాగులో కలిశాయి, వాగు మంజీరలో కలుస్తుంది. 1990లో కేసు సుప్రీంకోర్టుకు పోయింది. పటాన్‌చెరు డాక్టరు అల్లాని కిషన్ రావు గారి లాంటివాళ్లు ఏళ్ల తరబడి తిరిగారు. రైతులకు పరిహారం ఇమ్మని ఆదేశాలొచ్చాయి, ఉమ్మడి శుద్ధి కేంద్రం వచ్చింది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్త లార్సన్ బృందం ఆ కేంద్రం నుంచి శుద్ధి అయి బయటికి వచ్చే నీళ్లను పరీక్షిస్తే, సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయోటిక్ ఒక్కటే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా తేలింది. మాత్ర వేసుకున్న మనిషి రక్తంలో ఉండే మోతాదును మించిన లెక్క అది.

ఈ లెక్క చెప్పినప్పుడు నాయిన చాలాసేపు బకెట్ల వైపు చూశాడు. బావి గట్టు చెట్టు ఎప్పుడో ఎండిపోయింది. ఆ నీళ్లలో ఏముందో ఎవరూ పరీక్షించలేదు, అందుకే ఎందువల్ల చచ్చిందో నాయిన ఇప్పటికీ చెప్పడు. "నీళ్లు పరీక్ష చేయించకుంట ఎవల్నీ అనొద్దు" అంటాడు. ఆయన కోపమంతా ఆ జాగ్రత్తలోకి మళ్లింది.

డిసెంబర్ 22

చలి. మొగ్గలు విచ్చకుండానే రాలుతున్నాయి. నీళ్లు తగ్గించాడు, ఎరువు ఆపాడు. "పండుకున్నది, లేపకు."

2025 ఫిబ్రవరి 9, ఆదివారం

చలి వెనక్కి తగ్గింది, కత్తిరింపు. మూడో వంతు కొట్టేశాడు. మందారం కొత్త చిగురు మీదే పూస్తుంది, పాత కొమ్మను చూసి మురిసిపోతే ఏడాదంతా ఆకులే. వానపాముల ఎరువు రెండు గుప్పెళ్లు, నానబెట్టిన పల్లిచెక్క తేట ఒక మగ్గు. కొట్టేసిన కొమ్మలను చూసి అమ్మ గొణిగింది. తలకు రుద్దుకోవడానికి ఆకులు గంపకెత్తుకొని సర్దుకుంది.

ఫిబ్రవరి 16

ముత్తంగి కొత్త అపార్టుమెంటు నుంచి ఒకావిడ మొక్క కోసం వచ్చింది. ఆయన చేయి మంచిదని ఎవరో చెప్పారట. నాయిన కుర్చీ వేసి కూర్చోబెట్టి మొదలుపెట్టాడు. మీ దగ్గర బోరు నీళ్లా, ట్యాంకరా, మంజీర నీళ్లా? గీజరు కడ్డీకి తెల్లగా పడుతుందా? బాల్కనీలో ఏసీ పైపు ఎక్కడ దిగుతుంది? వాన నీళ్లకు డబ్బా ఉందా?

ఆమె ఒక్కదానికీ సరిగ్గా జవాబు చెప్పలేకపోయింది. మొక్క ఇవ్వలేదు. ఆమె వెళ్లాక అమ్మ విరుచుకుపడింది: "మొక్క అడగనొస్తే పిల్లనడగనొచ్చినట్టు గన్ని ప్రశ్నలా?"

నాకు మాత్రం స్టాఫ్ రూములో మేడమ్ అడిగినదానికి జవాబు దొరికింది. నాయిన చేయికంటే ముందు ఆయన ప్రశ్న పనిచేస్తుంది. ఈ బెల్టులో మొక్క పెట్టాలంటే ముందు నీళ్ల సంగతి తేలాలి. ముప్పై ఏళ్లు ఆ నీళ్లకు కాపలా ఉన్న మనిషికి ఇది ఎవరూ నేర్పాల్సిన పని లేదు. ముద్ద మందారం కాకపోతే, రేక మందారం ఒకటి ఆమె కోసం పక్కన పెట్టించాను.

ఫిబ్రవరి 18

ఆవిడ నా ఫోనుకు ఫొటో పంపింది. బాల్కనీలో ఏసీ పైపు కింద తెల్ల బకెట్. నాయిన అద్దాలు పెట్టుకొని, ఫొటోను వేళ్లతో పెద్దది చేయమని, బకెట్ మీది అక్షరాలు కూడబలుక్కొని చదివాడు.

"పెయింటుదే. ఇయ్యొచ్చు."