మాటకు వెలిగిన దీపం

గుహ ముందు నిలబడి మంత్రం చదివితే రాతి తలుపు తెరుచుకునే కథ మీరందరూ వినే ఉంటారు. చిన్నతనంలో ఆ కథ విన్నప్పుడల్లా నాకు ఒక సందేహం వచ్చేది: మంత్రం పనిచెయ్యకపోతే లోపల ఉన్నవాడి గతి ఏమిటి? ఇది ఎంత ముఖ్యమైన సందేహమో మా ఇంట్లో మంత్రం లాంటిదే ఒకటి ఏర్పాటు చేసుకున్నాక గాని నాకు తెలియలేదు.

మేము ఉండేది తెనాలిలో. 2024 వేసవిలో ఒక రాత్రి మా అమ్మ దాహం వేసి లేచింది. అప్పటికి ఆమెకు 79 ఏళ్ళు. మంచానికీ, తలుపు పక్కన ఉన్న స్విచ్చికీ మధ్య 10 అడుగుల దూరం. చీకట్లో తడుముకుంటూ పోతూ పీటకు తట్టుకుని పడింది. కుడి మణికట్టు విరిగింది. 6 వారాలు కట్టు కట్టారు. కట్టు విప్పిన తరువాత కూడా ఆ చేతి వేళ్ళకు పట్టు రాలేదు.

"ఇంకొకసారి పడకుండా చూసుకోండి. చీకట్లో మటుకు నడవనివ్వకండి," అన్నారు డాక్టరుగారు.

రాత్రంతా దీపం వేసి ఉంచుతామంటే అమ్మ ఒప్పుకోలేదు. వెలుతురులో ఆమెకు నిద్ర పట్టదు.

అప్పుడు ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి, "నాన్నా, నాయనమ్మ పిలిస్తే వెలిగే దీపం పెడదాం," అన్నది. బజారుకు వెళ్ళి ఒక స్మార్టు ప్లగ్గు, మాట వినే స్పీకరు పెట్టె ఒకటి, 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బు ఉన్న బల్లదీపం ఒకటి కొనుక్కువచ్చాం.

స్మార్టు ప్లగ్గు అంటే పెద్ద వింత వస్తువేమీ కాదు. దాన్ని గోడ సాకెట్టులో గుచ్చి, దాని ముఖాన ఉన్న రంధ్రాలలో దీపం ప్లగ్గు గుచ్చాలి. దాని లోపల ముఖ్యమైనవి రెండు. ఒకటి చిన్న రేడియో; ఇది ఇంట్లోని వైఫై ద్వారా ఆజ్ఞలు అందుకుంటుంది. రెండవది రిలే. ఇనుప మేకు చుట్టూ తీగ చుట్టి కరెంటు పంపితే మేకు అయస్కాంతం అవుతుందని మీరు బడిలో చదివారు గదా? రిలేలో ఉన్నది అదే. ఆజ్ఞ రాగానే తీగచుట్ట అయస్కాంతమై ఒక చిన్న రేకును లాగుతుంది. రేకు కదిలి దీపానికి పోయే కరెంటు దారిని కలుపుతుంది. ప్లగ్గులో "టిక్" మని వినిపించేది ఆ రేకు చప్పుడే.

కొనేటప్పుడు దాని మీద రాసి ఉన్న ఆంపియర్లు చూడాలి. మేము కొన్నది 6 ఆంపియర్లది. మన ఇళ్ళలో కరెంటు 230 వోల్టులు. 230ని 6 పెట్టి గుణిస్తే 1380 వాట్లు. 9 వాట్ల దీపానికి అది చాలినంత కన్న ఎక్కువ. కాని నీళ్ళు కాచే 1500 వాట్ల రాడ్డును దానికి తగిలిస్తే ప్లగ్గు వేడెక్కి కాలిపోవచ్చు. పెద్ద ప్లగ్గు దొరికినా సరే, మనిషి దగ్గర లేకుండా రాడ్డునూ ఇస్త్రీపెట్టెనూ మాటతో వెలిగించటం మంచిది కాదు. సాకెట్టు పనులు పెద్దవాళ్ళే చెయ్యాలి. మా ఇంట్లో నేనే చేశాను.

మొదటి రోజు గంటసేపు తంటాలు పడ్డాం. ఫోనులో చెప్పినట్టే ప్లగ్గు మీద బొత్తాం 5 సెకండ్లు నొక్కిపట్టాం. దాని చిన్నదీపం గబగబా మిణుకుమన్నది గాని, వైఫైతో కలవలేదు. చివరకు కారణం మా అమ్మాయే కనిపెట్టింది. మా ఇంటి రౌటరు రెండు రకాల తరంగాలు పంపుతుంది: 2.4 గిగాహెర్ట్జులవి, 5 గిగాహెర్ట్జులవి. ఫోను 5ని పట్టుకుని ఉన్నది. ప్లగ్గుకు 2.4 మాత్రమే తెలుసు. ఫోనును కూడా 2.4కు మార్చగానే ప్లగ్గు కలిసింది. 2.4 తరంగాలు గోడలను దాటటంలో మెరుగు, కనక ఒక విధంగా ప్లగ్గుదే తెలివి.

అసలు చిక్కు ఆ తరువాత వచ్చింది. మేము కొన్న పెట్టెకు ఇంగ్లీషు, హిందీ వచ్చు. మా అమ్మకు తెలుగు తప్ప మరొకటి రాదు.

మనిషి మాటను యంత్రం చేత గుర్తుపట్టించాలని శాస్త్రజ్ఞులు చాలా కాలంగా పాటుపడుతున్నారు. 1952లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో "ఆడ్రీ" అనే యంత్రం 0 నుంచి 9 దాకా అంకెలను మాత్రం పోల్చుకోగలిగింది. 1962లో సియాటిల్ నగరంలో జరిగిన ప్రదర్శనలో ఐ.బి.ఎం. వారి "షూబాక్సు" 16 మాటలు గుర్తుపట్టింది. తరువాత ఈ విద్యను ముందుకు నడిపినవారిలో మన తెలుగువాడు ఒకరున్నారు. ఆయన రాజ్ రెడ్డిగారు. 1937లో అప్పటి చిత్తూరు జిల్లాలోని కాటూరు గ్రామంలో రైతు కుటుంబంలో పుట్టారు. మద్రాసు గిండీలో ఇంజనీరింగు చదివి, అమెరికా వెళ్ళి, మాటకూ మాటకూ మధ్య ఆగకుండా మాట్లాడినా యంత్రం గుర్తుపట్టేటట్టు చెయ్యటానికి ఎంతో కృషి చేశారు. 1994లో కంప్యూటరు శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగ్ బహుమానాన్ని ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి అందుకున్నారు.

నేను ఈ సంగతి చెబితే మా అమ్మాయి, "తెలుగువారు పెంచిన విద్యే గదా, మరి మన పెట్టెకు తెలుగు రాదేం?" అన్నది.

యంత్రం భాష నేర్చుకునేది జనం మాటలను వేలకొద్దీ గంటలు విని. ఏ భాష మాటలు ఎక్కువగా పోగుచేసి వినిపిస్తే ఆ భాష ముందు వస్తుంది. ఆ మాట చెప్పాను. "అయితే మనమే ఒక్క మాట నేర్పుదాం," అన్నది.

ఆ పెట్టె తాను విన్నదాన్ని ఫోనులో అక్షరాలుగా చూపిస్తుంది. నాయనమ్మ "దీపం" అంటే అది ఒకసారి "డీప్" అనీ, ఒకసారి "డీప్ హమ్" అనీ రాసుకున్నది. మా అమ్మాయి ఆ తప్పుడు మాటలనే పట్టుకుని, "ఇవి వినపడితే ప్లగ్గు వెలిగించు" అని ఫోనులో ఏర్పాటు చేసింది. తరువాత నాయనమ్మ చేత 20 సార్లు "లైటు వెయ్యి" అనిపించింది. 9 సార్లు వెలిగింది. 20 సార్లు "దీపం" అనిపించింది. 17 సార్లు వెలిగింది. "దీపం" నెగ్గింది.

ఇక ఆర్పటం. "దీపం ఆర్పు" అనమంటే అమ్మ, "ఛీ, ఆ మాట అనకూడదు," అన్నది. "చాలు" అని చూసింది. హిందీలో "చాలూ" అంటే నడపటం. ఏమి నడపాలని పెట్టె ఎదురు ప్రశ్న వేసింది! చివరకు అమ్మ తన అలవాటు ప్రకారం, "కొండెక్కు" అన్నది. దీపం కొండెక్కింది. ఇంటిల్లిపాదీ నవ్వాం. వారం రోజులు ఇరుగుపొరుగువాళ్ళు వచ్చి ఈ వింత చూసిపోయారు.

20కి 17 వచ్చాయని సంతోషించాం. మిగిలిన 3 గురించి ఎవరమూ ఆలోచించలేదు.

శ్రావణమాసంలో ఒక రాత్రి జోరుగా వాన. రెండు గంటల వేళ అమ్మ గదిలో ఇత్తడి చెంబు దొర్లిన చప్పుడైంది. నేను పరుగెత్తి దీపం వేశాను. అమ్మ మంచంకోడు పట్టుకుని నేల మీద కూర్చుని ఉన్నది. కిటికీలోనుంచి జల్లు కొట్టి నేల తడిసింది, కాలు జారింది. అదృష్టం బాగుండి మంచం చేతికి అందింది. దెబ్బ తగలలేదు.

"మూడుసార్లు పిలిచానురా. దీపం రాలేదు. ఆ పెట్టె ఏదో ఇంగ్లీషులో అన్నది. సరే, నేనే పోదామని లేచాను," అన్నది అమ్మ.

నాకు మరి నిద్ర పట్టలేదు. తెల్లవారి చూస్తే వైఫై బాగానే ఉన్నది. స్మార్టు ప్లగ్గు మటుకు చచ్చినట్టున్నది. గోడ సాకెట్టు స్విచ్చి కట్టేసి ఉన్నది.

"నేనే కట్టాను," అన్నది అమ్మ. "పడుకునేముందు అన్నీ కట్టెయ్యటం నాకు అలవాటేగా. దానికి ఆ చిన్నదీపం వెలుగుతున్నది, ఊరికే కరెంటు కాలుతుందని ఎడమచేత్తో నొక్కాను."

ఆమెను ఏమనటానికీ లేదు. ఇంట్లో 60 ఏళ్ళపాటు వృథా కాకుండా చూసుకున్న చెయ్యి అది. తప్పు మాది. యంత్రానికి అమ్మ మాట నేర్పాం గాని, అమ్మకు యంత్రం సంగతి చెప్పలేదు. పెద్దావిడకు ఇవన్నీ ఎందుకులే అనుకున్నాం.

ఆ సాయంత్రం మా అమ్మాయి ఒక కాగితం మీద బొమ్మ గీసి నాయనమ్మ పక్కన కూర్చున్నది.

"నువ్వు పెట్టెను పేరుపెట్టి పిలుస్తావు గదా, నాయనమ్మా? ఆ పేరు కోసం అది ఎప్పుడూ చెవి ఒగ్గి ఉంటుంది. పేరు వినపడగానే తరువాతి మాటను ఇంటర్నెట్టు మీద ఎక్కడో దూరాన ఉన్న కంప్యూటర్లకు పంపుతుంది. అవి మాటను పోల్చుకుని, మన ప్లగ్గును నడిపే మరో కంప్యూటరుకు చెబుతాయి. అక్కడినుంచి ఆజ్ఞ మన రౌటరుకు వచ్చి, వైఫై మీద ప్లగ్గుకు చేరుతుంది. అప్పుడు టిక్కు!"

"10 అడుగుల దూరాన ఉన్న దీపానికి ఇంత ప్రయాణమా!" అని అమ్మ ముక్కు మీద వేలేసుకున్నది.

"రెండు మూడు సెకండ్లలో అయిపోతుంది. కాని గోడ స్విచ్చి కట్టేస్తే ప్లగ్గుకే ప్రాణం ఉండదు. అది రోజంతా ఉన్నా తినేది 1 వాటు అనుకో, నెలకు ముప్పావు యూనిటు కూడా కాదు."

అమ్మ పుట్టింటివారిది కృష్ణ కాలవ కింద సేద్యం. బొమ్మ చూస్తూ కాసేపు ఆలోచించి, "ఓసి, ఇంతేనా! తూము మూసి మడవ తీస్తే చేలోకి నీళ్ళెట్లా వస్తాయే? నేను తూము మూశాను. ఈ సంగతి ముందే చెప్పొద్దూ?" అన్నది.

తూము సంగతి తెలిశాక అమ్మ ఊరుకోలేదు. రైతుబిడ్డ గదా, కాలవ పొడుగునా నడిచి చూసింది.

"కరెంటు పోతే?" "వెలగదు, నాయనమ్మా."

"ఆ ఇంటర్నెట్టు పోతే?" "వెలగదు."

"జలుబు చేసి నా గొంతు బొంగురుపోతే?" మా అమ్మాయి తడుముకుని, "వెలగకపోవచ్చు," అన్నది.

"మేము గదిలో మాట్లాడుకునేవి కూడా వింటుందా?" "పేరు విన్నాననుకుని ఒక్కోసారి పొరపాటున వినవచ్చు. ఈ బొత్తాం నొక్కితే దాని చెవి మూసుకుంటుంది."

"అయితే దానికి తోడు ఇంకొకటి ఉండాలి," అని అమ్మ తేల్చింది.

నా చిన్నప్పటి సందేహానికి జవాబు ఇదే. గుహకు మంత్రంతో పాటు మామూలు గొళ్ళెం కూడా ఉండాలి.

మర్నాడు ఎలక్ట్రీషియన్ను పిలిపించాం. మేడమెట్ల దీపానికి కిందా పైనా స్విచ్చిలు ఉంటాయి చూడండి, ఆ పద్ధతిలో గది దీపానికి మంచం పక్కన రెండో స్విచ్చి పెట్టించాం. అరచేత్తో నొక్కినా పడేటంత వెడల్పాటి స్విచ్చి. రౌటరును ఇన్వర్టరుకు కలిపాం. తలగడ పక్కన టార్చిలైటు పెట్టాం. కిటికీ కింద గోనెపట్టా వేశాం. ఇప్పుడు అమ్మ ఎక్కువగా "దీపం" అనే పిలుస్తుంది. పలకకపోతే ఎడమచెయ్యి చాపుతుంది. చీకట్లో మటుకు మళ్ళీ కాలు కింద పెట్టలేదు.

పిల్లలూ, మీ ఇంట్లో కూడా తాతయ్యకో, నాయనమ్మకో మీరు ఇటువంటిది అమర్చవచ్చు. ప్లగ్గు వెలగగానే పని అయిపోయిందనుకోకండి. అది ఏ దారిన పనిచేస్తుందో, ఎప్పుడు పనిచెయ్యదో వారికి వివరంగా చెప్పండి. వారి ప్రశ్నలకు ఓపికగా జవాబు చెప్పండి. మీకు తట్టనిది వారికి తట్టవచ్చు.

మా గోడ సాకెట్టు స్విచ్చి మీద ఇప్పుడు ఒక కాగితం అంటించి ఉన్నది. విరిగి అతికిన చేత్తో, వంకరటింకర అక్షరాలలో, అమ్మే రాసింది: "తూము. ముయ్యకూడదు."