యుగంధర్‌కు ఫీజు యెవరిస్తారు?

డిటెక్టివ్ నవలల మీద మన అభ్యుదయ విమర్శకులు రాసినదంతా రెండు మాటల్లోకి దిగుతుంది. ఒకటి, అది పలాయన సాహిత్యం. రెండు, అది వ్యాపార సాహిత్యం. ఈ రెండు మాటలూ నేనూ అన్నాను, వేదికల మీద అన్నాను. అవి అబద్ధాలని యిప్పుడు చెప్పబోవడం లేదు. కాని ఆ మాటలు అంటున్న రోజుల్లోనే నేనొక తప్పు చేశాను. అది చెప్పకుండా యీ విషయం మీద కలం పట్టుకోవడం నిజాయితీ కాదు.

1965 ప్రాంతం. నా యిల్లు జగ్గయ్యపేటలో, బడిపంతులు వుద్యోగం నందిగామలో. శనివారం సాయంత్రం బస్సెక్కి యింటికి, ఆదివారం మధ్యాహ్నం మళ్ళీ నందిగామకు. సాగర్ ఎడమ కాలువ నీళ్ళు అప్పటికింకా మా మెట్టకు రాలేదు. బస్సు కిటికీలోంచి చూస్తే జొన్న చేలూ, మిరప చేలూ, నెర్రెలిచ్చిన నల్లరేగడి. నందిగామ బస్టాండు దగ్గర అద్దె పుస్తకాల కొట్టు ఒకటి వుండేది. రోజుకు అయిదు పైసలు. అట్టలు వూడి, మైదాపిండితో అతికించిన ఆ పుస్తకాలలో సగం కొమ్మూరి సాంబశివరావువే.

కొమ్మూరి (1926–1994) పేరు యీనాటి విద్యార్థులకు తెలియకపోవచ్చు. చలం పుట్టిన కొమ్మూరి వారి కుటుంబంలోని వాడే. ఆయన సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంటు రాజు, ఇన్‌స్పెక్టర్ స్వరాజ్యరావు, క్రిజ్లర్ కారు – వీళ్ళంతా యేళ్ళ తరబడి నవల తర్వాత నవలలో మాతో కాపురం చేశారు. మద్రాసు మొహం చూడని మావాళ్ళకు మద్రాసు వీధుల పేర్లు కంఠతా వచ్చాయి. నేను ఆ పుస్తకాన్ని ‘విశాలాంధ్ర’ దినపత్రిక మడతలో పెట్టుకొని బస్సులో చదివేవాణ్ణి. పత్రికను అంత శ్రద్ధగా చదివే కుర్రపంతుల్ని చూసి ముచ్చటపడిన పెద్దలు కూడా వున్నారు.

నందిగామలో ఆదివారం సాయంత్రాలు పదిమందిమి కూడి సాహిత్యం చర్చించుకొనేవాళ్ళం. అంతకు ముందటి యేడే, 1964లో, పార్టీ రెండుగా చీలింది. ఒకే బల్ల మీద కూర్చున్నవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోని కాలం. అటువంటివాళ్ళు కూడా డిటెక్టివ్ నవలను తిట్టడంలో మాత్రం ఏకమయ్యేవారు. ఒక ఆదివారం చర్చకు వచ్చింది కొమ్మూరి ‘లక్షాధికారి హత్య’. కథ చెప్పను. హంతకుడి పేరు ముందే బయటపెట్టడం ఆ పుస్తకాల లోకంలో హత్యకన్న పెద్ద నేరం.

తెలుగు పండితుడు మొదలుపెట్టాడు. చివరి పేజీ తెలిసిపోయాక రెండోసారి తెరవబుద్ధి కాని పుస్తకాన్ని కావ్యమని యెలా అంటాం అన్నాడు. సైన్సు మాస్టారు వెంటనే అడ్డు తగిలాడు. “మన వూళ్ళలో మనిషి చస్తే చేతబడి అంటారు, గాలి సోకిందంటారు. యీ పుస్తకం వేలిముద్ర చూడమంటోంది, సాక్ష్యం చూపమంటోంది. నేను బడిలో యేడాదంతా మొత్తుకొనేది అదే కదా!” అని వాదించాడు.

మాలో పెద్దాయన ఒకరు వుండేవారు. 1946–51 మధ్య నైజాం సరిహద్దుకు యీ పక్క వూళ్ళు యెలా బతికాయో కళ్ళారా చూసినవారు. జగ్గయ్యపేట దాటితే అప్పట్లో నైజాం రాజ్యమే. అవతలినుంచి ప్రాణాలు అరచేత పట్టుకొని వచ్చినవాళ్ళకు అన్నం పెట్టినవారు, తర్వాత కృష్ణా జిల్లాలో మలబారు పోలీసుల క్యాంపుల దెబ్బలు తిన్నవారు. ఆయన గొంతు పెంచకుండా ఒకే మాట అన్నారు: “ఆ నవలల్లో పోలీసు వచ్చాక భయం పోతుంది. మన వూళ్ళలో పోలీసు వచ్చాకే భయం పుట్టింది.” కొంతసేపు యెవరమూ మాట్లాడలేదు. ఆ విమర్శకు యీనాటికీ నా దగ్గర జవాబు లేదు.

అయితే నేను విన్న మంచి విమర్శల్లో ఒకటి ఆ సభలోది కాదు. అది మా వదినది. జగ్గయ్యపేటలో మధ్యాహ్నం పూట వాకిట్లో నలుగురు ఆడవాళ్ళు మిరపకాయలకు తొడిమలు తీస్తూ కూర్చుంటే, వదిన పైకి చదివి వినిపించేది. ఒకసారి పుస్తకం మూసి నాతో అంది: “అబ్బాయ్, యెవరు చంపారో నేను సగంలోనే కనిపెడతాను. ఆస్తి యెవరికి వస్తుందో చూస్తే సరిపోతుంది. ఆస్తి లేని యింట్లో హత్యలు జరగవేమోనయ్యా యీ పుస్తకాల్లో!” ఆమె అయిదో తరగతి చదివింది. మేం సభలో గంటసేపు తిరిగి తిరిగి చేరుకోలేని చోటికి మిరపకాయలు తుంచుతూనే చేరుకొంది. ఆ మాటను నేను మర్నాడు సభలో నా మాటగా చెప్పాను. అదీ ఒప్పుకోవాలి.

ఇక నా తప్పు సంగతి. సభ జరిగే యింటి యెదురుగా సైకిలు కొట్టు వుండేది. అందులో పంక్చర్లు వేసే కుర్రవాడు పదిహేనేళ్ళవాడు, నాలుగో తరగతితో బడి మానేశాడు. కూడబలుక్కొని చదవడం నుంచి గడగడా చదవడం దాకా వాడు వచ్చింది యుగంధర్ పుస్తకాలతోనే. ఆ ఆదివారం గుమ్మం దగ్గర నిలబడి మా మాటలు విన్నాడు. చర్చ ముగిశాక నా దగ్గరకు వచ్చి అడిగాడు:

“మాస్టారూ, యుగంధర్‌కు ఫీజు యెవరిస్తారు?”

అర్థం కాలేదన్నాను. అప్పుడు చెప్పాడు. రెండేళ్ళ కిందట వాళ్ళ నాన్న బావి పనిలో పోయాడు. మెట్ట వూళ్ళలో బావి తవ్వడమంటే సగం రాయి పగలగొట్టడమే. తూటాలు పేల్చిన తర్వాత గట్టు కదిలిందో లేదో చూడకుండా మనుషుల్ని దింపారు. గట్టు విరిగి పడింది. శవపంచాయితీలో ప్రమాదం అని రాసుకొని వెళ్ళారు. సంతకాలు పెట్టిన పంచాయితీదార్లు బావి ఆసామి దగ్గర పనిచేసేవాళ్ళే. “కథలోవాడని నాకు తెలుసు లెండి. కాని అలాంటాయన్ని పిలవాలంటే డబ్బుండాలి కదా. మా అమ్మ యెక్కడనుంచి తెస్తుంది?”

అప్పుడు నేనేం చేశాను? అరగంట వుపన్యాసం యిచ్చాను. అదనపు విలువ గురించీ, రాజ్యయంత్రం గురించీ, మత్తుమందు సాహిత్యం గురించీ చెప్పాను. వాడి చేతిలోని నవల తీసుకొని, నా సంచిలోని కరపత్రం యిచ్చాను. వాడు మెల్లిగా అన్నాడు: “నిన్న మీరు చదివి యిచ్చేసిన పుస్తకమే కదా మాస్టారూ, నేను తెచ్చుకొన్నది.” అందరూ గొల్లున నవ్వారు. సిగ్గు కప్పిపుచ్చుకోడానికి నేను యింకా గట్టిగా మాట్లాడాను. మరుసటి ఆదివారం వాడు గుమ్మం దగ్గరకు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. కరపత్రం మడత విప్పకుండానే కొట్టు యజమాని చేత తిరిగి పంపించాడు.

చాలా యేళ్ళ తర్వాత తెలిసిన విషయం ఒకటి వుంది. వర్కుమెన్ కాంపెన్సేషన్ చట్టం 1923 నాటిది. పేలుడు మందు వాడే తవ్వకపు పనులు దాని జాబితాలో వుండేవి. ఆ కేసులో పరిహారం వచ్చేదో లేదో చెప్పలేను. అడగడానికి మాత్రం దారి వుండేది. పదిమంది చదువుకొన్న అభ్యుదయవాదులం, సైకిలు మీద వెళ్ళే దూరంలో జరిగిన చావు. మాలో ఒక్కడూ ఆ వూరికి వెళ్ళి, బావిలోకి దిగిన మిగతా కూలీల్ని యేం జరిగిందని అడగలేదు. డిటెక్టివ్ చేసే మొదటి పని అదే. యుగంధర్‌ను మేం తిట్టాం గాని, అతని పనిలో పావు వంతు కూడా చేయలేదు.

అందుకని ఆ సాహిత్యాన్ని నెత్తికెత్తుకోమని కాదు. పుస్తకం పేరే చూడండి: లక్షాధికారి హత్య. లక్షాధికారి చస్తే అది హత్య, దానికి కారు వేసుకొని డిటెక్టివ్ వస్తాడు. కూలివాడు చస్తే అది ప్రమాదం. ఈ లెక్కను ఆ నవలలు ప్రశ్నించవు. హంతకుడు దొరకగానే లోకం చక్కబడిపోయిందనిపిస్తాయి. పెద్దాయన విమర్శా, మా వదిన విమర్శా అక్కడ నిలబడతాయి. కాని ఒక చావుకు జవాబు దొరకాలి, సాక్ష్యం లేకుండా యెవరి మాటా నమ్మకూడదు అనే పట్టుదల కూడా ఆ పుస్తకాల్లో వుంది. ఆ పట్టుదలే సైకిలు కొట్టు కుర్రవాణ్ణి ఆ ప్రశ్న దాకా తీసుకొచ్చింది. నేను యిచ్చిన కరపత్రం కాదు.

ఇది ఆలోచించినవాళ్ళు లేకపోలేదు. గ్రాంసీ ముస్సోలినీ జైలులో రాసుకొన్న నోటుబుక్కుల్లో డిటెక్టివ్ నవలలకూ చోటిచ్చాడు, జనం వాటినెందుకు చదువుతారని అడిగాడు. పింకర్టన్ డిటెక్టివ్ కంపెనీలో పనిచేసిన డాషియెల్ హామెట్ 1929లో ‘రెడ్ హార్వెస్ట్’ రాశాడు. సమ్మె విరగ్గొట్టడానికి గని యజమాని పిలిపించిన రౌడీలే చివరికి వూరును మింగేసిన కథ అది. అదే హామెట్, వామపక్షీయుల జామీను నిధికి డబ్బిచ్చినవాళ్ళ పేర్లు చెప్పనన్నందుకు 1951లో జైలుకు పోయాడు. అంత దూరమెందుకు? రజాకార్ల దురాగతాల వేదనలోంచి ‘త్వమేవాహం’ (1949) రాసిన ఆరుద్రే ‘పలకల వెండిగ్లాసు’ అనే డిటెక్టివ్ నవలా రాశాడు. ఆ సంగతి మా సభలో యెవరూ యెత్తలేదు. ఎత్తితే యెవరిని తిట్టాలో తెలిసేది కాదు.

నందిగామ, జగ్గయ్యపేట 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లాలో వున్నాయి. ఆ అద్దె కొట్టు లేదు. పిల్లలు నేర కథల్ని ఫోనులో చూస్తున్నారు, ఉపాధ్యాయుల గదుల్లో మనం పాత రెండు మాటలే అంటున్నాం. అధ్యాపక మిత్రులకు నా మనవి ఒకటే. విద్యార్థి చేతిలోంచి ఆ కథను లాక్కోకండి. మీరూ చదివానని ఒప్పుకోండి. తర్వాత కలిసి అడగండి: చచ్చినదెవరు? డిటెక్టివ్‌ను పిలిచిందెవరు? మన వూళ్ళో యెవరి చావును ప్రమాదమని రాసి మూసేశారు? ఆ వూరికి వెళ్ళిరావడానికి బస్సు యెన్నింటికి?

సైకిలు కొట్టు కుర్రవాడు తర్వాత యెటు వెళ్ళాడో నేను కనుక్కోలేదు. వాళ్ళ నాన్న చావు మీద మళ్ళీ విచారణ జరగలేదు.