సున్నా వేరు, ఖాళీ వేరు

తమ్ముళ్లూ! మేము మైలవరం హాస్టల్లో ఉన్న రోజుల్లో మార్కుల రిజిస్టరు చేత్తోనే రాసేవారు. పరీక్ష రాసి ఏమీ రాని వాడికి సున్నా, అసలు పరీక్షకే రాని వాడికి ఎర్ర సిరాతో గీత. ఆ తేడా ఆరో తరగతి వాడికి కూడా తెలుసు.

తర్వాత రిజిస్టరు కంప్యూటర్లోకి ఎక్కింది. ఎవరో జావాలో ప్రోగ్రాం రాసిచ్చారు. 25 మార్కుల పరీక్షలు మూడు. ఒక తమ్ముడికి 18, 16 వచ్చాయి. మూడోదాని రోజున నాన్నకు బాగోలేదని కబురొస్తే ఊరెళ్లాడు. నోటీసు బోర్డులో వాడి సగటు 11! పన్నెండు లోపు వాళ్లంతా ‘వెనుకబడినవారి’ జాబితా. రెండు రోజులు వాడు అన్నం దగ్గర కూడా తలెత్తలేదు. చదివే పిల్లాడికి ఇంతకన్నా అవమానం ఏముంటుంది?

1998లో మన ఊళ్లో పెట్టిన లకిరెడ్డి బాలిరెడ్డి ఇంజనీరింగ్ కాలేజీలో చదివే మా వాళ్లం కొందరం కూర్చుని ఆ ప్రోగ్రాం విప్పి చూశాం. మార్కులకు వాడింది ఇంట్ అరే. విడిగా ఒక ఇంట్ పెట్టుకుని విలువ ఇవ్వకుండా వాడబోతే జావా కంపైలరు ఒప్పుకోదు. అరే అయితే మాత్రం గడులన్నీ తానే సున్నాలతో నింపేస్తుంది. పోనీ గడి ఖాళీయా అని నల్‌తో పోల్చి చూద్దామంటే, కంపైలే కాదు. ఎందుకంటే ఇంట్‌కు ఉన్నవి 32 బిట్లు. వాటిని ఎలా పేర్చినా ఏదో ఒక అంకె అవుతుంది. ‘ఏమీ లేదు’ అని చెప్పడానికి ఒక్క పేర్పూ మిగలదు.

రాని వాడికి -1 వేద్దామని ఒకడన్నాడు. కూడేటప్పుడు దాన్ని వదిలేయడం మరిచిపోతే 33ను మూడుతో భాగించి మళ్లీ అదే 11! ఇంటీజర్ అరే అయితే నల్ పడుతుంది గానీ, చూసుకోకుండా కూడితే ప్రోగ్రాం మధ్యలోనే పడిపోతుంది.

చివరికి పక్కనే ఒక బూలియన్ అరే పెట్టాం. అది అన్నీ ఫాల్స్‌తోనే పుడుతుంది, అంటే ఇంకా ఎవరూ రాయలేదనే లెక్క. మార్కు ఎక్కించినప్పుడే ఆ గడి ట్రూ. ట్రూ ఉన్నవే కూడి, వాటి సంఖ్యతోనే భాగిస్తే ఆ తమ్ముడి సగటు 17. ఒక్క ట్రూ కూడా లేని వాడికి మాత్రం భాగించకుండా గీత అచ్చు వేయాలి. ఇంట్‌ను సున్నాతో భాగిస్తే జావా అక్కడే ఆగిపోతుంది.