ఎప్పుడూ ఖాళీగా ఉండే మెషీన్

మొన్న రాత్రి ఆన్‌కాల్ నాదే. ఇంగ్లండ్‌లో నేను చూసుకునేది గ్రిడ్ సర్వర్లని చాలామందికి తెలుసు. సెర్న్ ప్రయోగాల లెక్కలు ఒక్కచోట చెయ్యరండీ, 40కి పైగా దేశాల్లో దాదాపు 170 సెంటర్లు పంచుకుంటాయి. పెద్ద సెంటర్లయితే ఎంత శాతం సమయం నడవాలి, ఆగితే ఎన్ని గంటల్లో స్పందించాలి అన్నది ముందే ఒప్పందంలో రాసుకుంటాయి.

రాత్రి రెండింటికి చూస్తే బోర్డంతా పచ్చగానే ఉంది. పడుకున్నా. పొద్దున లేచేసరికి ఒక పీహెచ్‌డీ అమ్మాయి జాబులు వేలల్లో ఫెయిల్!

కారణం ఒకే ఒక్క మెషీన్. డిస్క్ పాడై, వచ్చిన జాబు వచ్చినట్టే సెకన్లలో చచ్చిపోతోంది. అది ఖాళీ అయింది కదా అని షెడ్యూలర్ మళ్లీ దానికే ఇంకోటి ఇస్తోంది. బాగున్న మెషీన్లేమో గంటల తరబడి బిజీ. మావాళ్లు దీన్ని బ్లాక్ హోల్ అంటారు. (పెళ్లిపనుల్లో అన్నీ నేనే చేస్తానని ముందుకొచ్చి అన్నీ చెడగొట్టేవాడు ఉంటాడు చూడండి, వాడే.)

ఒప్పందం ప్రకారం సర్వీసు ఆగలేదు, మా తప్పు లేదు. కానీ ఆ అమ్మాయి థీసిస్‌కి పది రోజులే ఉందట. సారీ చెప్పి, తన జాబులు క్యూలో ముందు పెట్టించా. జాబు ఇచ్చేముందు డిస్క్ చూసే చిన్న స్క్రిప్టు సాయంత్రానికల్లా రాసేశా. మూడు నెలలుగా రాద్దాం, రాద్దాం అనుకుంటున్నదే అది.