నదిలో చుట్టాలు... తొట్టిలో శత్రువులు!

అట్లాంటా నుంచి ఐ-75 రోడ్డు మీద ఉత్తరానికి రెండు గంటలు వెళ్తే చాటనూగా వస్తుంది. అక్కడి మన తెలుగు కుటుంబాలకైతే శనివారం పొద్దున బయల్దేరి రాత్రికి ఇల్లు చేరిపోయేంత దూరం. టెనెసీ నది ఒడ్డున గాజు కప్పులతో మెరిసే భవనమే టెనెసీ అక్వేరియం. 1992లో తెరిచారు. పై అంతస్తులో కొండ అడవి ఉంటుంది. కిందికి దిగేకొద్దీ వాగు, నది, చివరికి డెల్టా... అలా నీటి వెంటే మన నడకా సాగుతుంది.

ఈ నీళ్లవే సన్‌ఫిష్‌లు. అరచేయంత చేప. పళ్లెంలాంటి ఒళ్లు. కొన్నింటికి నారింజ పొట్ట, బుగ్గల మీద నీలి గీతలు. ‘మనింట్లోనూ పెంచుదాం నాన్నా’ అని పిల్లలు అడగకుండా ఉంటారా? పెంచొచ్చు. చిక్కల్లా తోడు దగ్గరే!

బ్లూగిల్ మగచేప తోకతో ఇసుక చిమ్మి గుంట చేస్తుంది. ఆడచేప గుడ్లు పెట్టి వెళ్లిపోతే కాపలా అంతా మగదే. దగ్గరికొచ్చిన ప్రతిదాన్నీ తరుముతుంది. చెరువులో అయితే ఆ చేప పారిపోతుంది. నాలుగడుగుల తొట్టిలో ఎక్కడికని పోతుంది? అందుకే రెండింటిని వేయడం అన్నిటికన్నా చెడ్డ లెక్క. ఒకటి రాజు, రెండోది రెక్కలు చిరిగి మూలన. ఒక్కటే ఉంచాలి. లేదంటే బాగా పెద్ద తొట్టిలో ఒకే సైజు పిల్లల్ని అయిదారింటిని ఒకేసారి వదలాలి. అప్పుడు కోపం ఒక్కదాని మీదే పడదు.

తర్వాత నోరు చూడాలి. గ్రీన్ సన్‌ఫిష్‌ది పెద్ద నోరు. గప్పీ, నియాన్ టెట్రా దానికి తోడు కాదు, టిఫిను! గోల్డ్‌ఫిష్‌ది నెమ్మది నడక, దాని తోక మిగలదు. ఏంజెల్‌కి వెచ్చటి నీళ్లు కావాలి, వీటికేమో హీటరే అక్కర్లేదు. చురుగ్గా ఈదే, నోట్లో పట్టనంత సైజు షైనర్లు నయం. అట్లాంటిక్ తీరం వైపు దొరికే బ్లూస్పాటెడ్ సన్‌ఫిష్ సంగతి వేరు. మూడంగుళాల పిరికిది. పేరు కలిసింది కదాని బ్లూగిల్‌తో వేస్తే దానికి తిండే దక్కదు. నన్నడిగితే అపార్ట్‌మెంట్ వాళ్లకి ఇదే సరైంది... దట్టంగా మొక్కలుండాలి, అంతే.

పడలేదని తీసుకెళ్లి చెరువులో వదిలేస్తేనో? 1960లో షికాగో మేయర్ అప్పటి జపాన్ యువరాజు అకిహితోకు బ్లూగిల్స్‌ను కానుకగా ఇచ్చారు. తినడానికి పనికొస్తాయని ఆయన వాటిని పరిశోధన సంస్థకు అప్పగించారు. అవి బయటపడి బివా సరస్సు దాకా చేరాయి. అక్కడి చేపల గుడ్లకూ పిల్లలకూ గండమయ్యాయి. 2007లో చక్రవర్తి హోదాలో ఆ సరస్సు ఉన్నచోటే అకిహితో తన బాధను బహిరంగంగా చెప్పుకున్నారు. ఆయన స్వయంగా చేపల మీద పరిశోధన చేసిన మనిషి! మన దగ్గర మాత్రం? తొట్టిలో నాచు తింటుందని తెచ్చే సక్కర్ చేపలు ఆంధ్రా చెరువుల్లోకి చేరి వలలు చింపుతున్నాయి.

నదిలో పట్టి తెచ్చుకోవాలనుకుంటే ముందు నిబంధనలు చూసుకోండి, రాష్ట్రానికో తీరు. కొనేవాళ్లయితే ధరకన్నా ముందు అడగాల్సింది ఒకటుంది... ఈ పిల్ల పెరిగితే ఎంతవుతుందని.