కొండదారి చెప్పిన సలహా

ఈ వేసవి సెలవుల్లో మేము కుటుంబ సమేతంగా హార్స్‌లీ కొండకు వెళ్లి వచ్చాము. మదనపల్లె నుండి సుమారు 30 కిలోమీటర్ల దూరం. 1,265 మీటర్ల ఎత్తున్న ఆ కొండకు పూర్వం ఏనుగు మల్లమ్మ కొండ అని పేరు. కడప కలెక్టరుగా పనిచేసిన హార్స్‌లీ దొర అక్కడ వేసవి విడిది ఏర్పరచుకున్నాక ఆయన పేరే నిలిచిపోయింది.

చల్లగాలితో పాటు మాకు మరొక పని కూడా ఉంది. పాతబడిన మా కారును అమ్మి, ఇంకొకటి కొనవలసి ఉంది. గేర్లు మనమే మార్చుకునే కారా, ఆటోమేటిక్ కారా? వడ్డీ అప్పు జోలికి పోకుండా ఉన్న సొమ్ముతోనే కొనాలి కనుక, పొరపడితే దిద్దుకునే వీలు లేదు. మా కారు మేము నడిపాము. స్నేహితుని ఆటోమేటిక్ కారులో అబ్బాయి తల్లినీ చెల్లెలినీ ఎక్కించుకుని వెనుక వచ్చాడు.

ఘాట్ రోడ్డు మలుపుల్లో ముందున్న బస్సు ఆగినప్పుడల్లా క్లచ్ తొక్కి తొక్కి మా ఎడమ మోకాలు సలపసాగింది. అబ్బాయికి ఆ బాధ లేదు. అయితే ఏటవాలులో బ్రేకు మీది కాలు తీయగానే బండి కాస్త వెనక్కి జారిందట. హ్యాండ్ బ్రేకు వాడుకున్నాడు.

గాలిబండ మీద కూర్చున్నప్పుడు, “దీనికి క్లచ్చే లేదు అబ్బా!” అన్నాడు. మేము సరిదిద్దాము. అది 2014లో మారుతీ సెలెరియోతో మన దేశంలో మొదలైన ఏఎమ్‌టీ రకం. అందులో క్లచ్ ఉంటుంది. దానిని మన కాలికి బదులు యంత్రం నడుపుతుంది.

అంతలో అమ్మాయి మెల్లగా అడిగింది: “మీరు మద్రసాలో ఉన్న రాత్రి అమ్మీకి ఒంట్లో బాగాలేకపోతే ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్తారు అబ్బా? లైసెన్సు ఉన్నా క్లచ్ అంటే నాకు భయం.” మా వద్ద జవాబు లేదు.

దిగేటప్పుడు మేము రెండో గేరులో వచ్చాము. అబ్బాయి మీటను ‘డి’లోనే ఉంచి, దారి పొడుగునా బ్రేకు తొక్కుతూ వచ్చాడు. సగం దారిలో చక్రాల వద్ద మాడిన వాసన! వెడల్పైన చోట ఆపి, వేడి తగ్గేదాకా నిరీక్షించాము. అదే పనిగా తొక్కితే బ్రేకులు వేడెక్కి పట్టు తప్పుతాయి. పిదప మీటను ‘ఎం’లోకి మార్చి, రెండో గేరులో పెట్టించాము. ఇంజనే బండిని పట్టి ఉంచింది. ఆ సౌకర్యం అందులోనూ ఉంది. వాడే తెలివి మాత్రం మనకు ఉండాలి.

చివరకు ఆటోమేటిక్ కారే కొన్నాము. అదే సొమ్ముకు రెండేళ్లు పాతది వచ్చింది, ఒప్పుకున్నాము. అమ్మాయికి తొలి పాఠంగా పల్లంలో దిగే పద్ధతినే నేర్పించాము.

పాఠక సోదర సోదరీమణులారా! ఏ కారు గొప్పదని అడిగే ముందు, ఇంట్లో దానిని ఎవరెవరు నడపవలసి వస్తుందో, ఏ దారుల్లో నడపవలసి వస్తుందో ఆలోచించండి. కాలికి శ్రమ తగ్గినా, జాగ్రత్త తగ్గకూడదు.