రాకుమారుడు మళ్లీ పరుగెత్తాలంటే...

తొంభైల్లో కంప్యూటర్ కోర్సు చేసినవాళ్లని ఎవరినైనా కదిపి చూడండి. చెప్పులు బయట విడిచి ఏసీ గదిలోకి అడుగుపెట్టడం గుర్తుంటుంది. నల్లటి తెరమీద మిణుకుమిణుకుమనే గీత గుర్తుంటుంది. ఫీజు కట్టి నేర్చుకున్న డీబేస్, కోబాల్ ఎంతవరకు గుర్తున్నాయో చెప్పలేంగానీ, సారు పక్కగదిలోకి వెళ్లగానే తెరమీద ప్రత్యక్షమయ్యే తెల్లబట్టల కుర్రాణ్ని మాత్రం ఎవరూ మర్చిపోలేదు. అదే... 'ప్రిన్స్ ఆఫ్ పర్షియా'!

చెరసాల అడుగున కథానాయకుడు. పైన కోటలో బందీగా రాకుమారి. మంత్రి జాఫర్ ఆమెకిచ్చిన గడువు గంట. ఆలోగా తనని పెళ్లాడటానికి ఒప్పుకోవాలి, లేదంటే చావాలి. ఆ 60 నిమిషాల్లో 12 అంచెలు దాటి వెళ్లి ఆమెను కాపాడాలి. దారిలో నేలలోంచి లేచే శూలాలు, కోరల్లా టక్కున మూసుకునే కత్తులు, కాలు పెట్టగానే కూలిపోయే పలకలు. ల్యాబ్‌లో ఇచ్చే టైమూ గంటే! ఒకరు ఆడుతుంటే నలుగురు వెనక నిలబడి 'షిఫ్ట్ నొక్కరా... షిఫ్ట్!' అని గుసగుసగా అరిచేవారు.

ఆ కుర్రాళ్లకిప్పుడు యాభై దగ్గరపడుతోంది. అప్పటి ల్యాబ్ మొత్తాన్ని కలిపినా సరితూగని ల్యాప్‌టాప్ ఇప్పుడు ఒళ్లో ఉంది. మరి ఆ చిన్న ఆట ఇందులో పెట్టి నొక్కితే? 'ఈ అప్లికేషన్ మీ పీసీలో నడవదు' అంటుంది. అంతే!

ఏనుగుకి చీమ బరువైందా?

బరువు సమస్య కాదు, భాష సమస్య. ఆనాటి డాస్ ఆటలు 16 బిట్ ప్రోగ్రాములు. ఇప్పటి కంప్యూటర్లు 64 బిట్ పద్ధతిలో నడుస్తాయి. డాస్ ప్రోగ్రాములకు కావాల్సిన పాత విధానం ఆ పద్ధతిలో పనిచెయ్యదు. 32 బిట్ విండోస్‌లో పాతవాటికోసం ఒక సహాయక ఏర్పాటు ఉండేది. 2021లో వచ్చిన విండోస్ 11 పీసీల కోసం 64 బిట్‌లోనే వచ్చింది. దాంతో ఆ తలుపూ మూసుకుంది.

రెండో చిక్కు ఆ ఆటల స్వభావంలోనే ఉంది. వెనకటికి చుట్టాలింటికి వెళ్తే నేరుగా వంటింట్లోకి నడిచి కుండలో నీళ్లు ముంచుకునేవారు. డాస్ ఆటలూ అంతే. ఎవర్నీ అడక్కుండా తెర తాలూకు మెమొరీలోకి బొమ్మ పంపేవి, సౌండ్ కార్డుని నేరుగా పలకరించేవి. ఇప్పటి కంప్యూటర్ గేటెడ్ కమ్యూనిటీ లాంటిది. వాచ్‌మన్‌ని అడగాలి, పుస్తకంలో సంతకం పెట్టాలి. ఆ మర్యాదలు తెలియని పాత చుట్టాన్ని అది గేటు దగ్గరే ఆపేస్తుంది.

మూడోది వేగం. కొన్ని పాత ఆటలు కాలాన్ని గడియారంతో కాక, ప్రాసెసర్ వేగంతో కొలిచేవి. ప్రాసెసర్ వేగం పెరిగితే ఆటా అంతే వేగంగా పరుగెడుతుంది. మొదలుపెట్టేలోపే అయిపోతుంది. ఒకప్పటి కంప్యూటర్ పెట్టెల మీద 'టర్బో' అనే మీట ఉండేది గుర్తుందా? పేరు వేగానిదేగానీ, దాంతో జనం తరచూ చేసిన పని, పాత ప్రోగ్రాముల కోసం యంత్రాన్ని నెమ్మదింపజేయడమే.

పెట్టెలో మరో పెట్టె

ఈ మూడు చిక్కులకీ కలిపి దొరికిన మందు 'డాస్‌బాక్స్'. నెదర్లాండ్స్‌కి చెందిన ఇద్దరు ప్రోగ్రామర్లు మొదలుపెట్టిన ఈ ఉచిత సాఫ్ట్‌వేర్ 2002లో బయటికొచ్చింది. ఇది కొత్త కంప్యూటర్ లోపల ఓ పాత కంప్యూటర్ని సృష్టిస్తుంది. పాత ప్రాసెసర్, పాత తెర, పాత సౌండ్ కార్డు... అన్నిటినీ నటిస్తుంది. ఆటకి ఇంకా 1990లోనే ఉన్నామన్న భ్రమ కల్పిస్తుంది.

చెప్పినంత తేలికా? హైదరాబాద్‌లో ఓ ఇంట్లో జరిగింది వింటే తెలుస్తుంది. ఆ ఇంటాయన ప్రభుత్వోద్యోగి. ఎనిమిదో తరగతి చదివే కూతురికి తన చిన్ననాటి ఆట చూపించాలని ముచ్చటపడ్డాడు. కాలేజీ రోజుల ఫ్లాపీని ప్లాస్టిక్ కవరులో చుట్టి, సర్టిఫికెట్లతోపాటు బీరువాలో భద్రంగా దాచుకున్నాడు మరి! ల్యాప్‌టాప్‌కి ఫ్లాపీ పెట్టే చోటే లేదు. యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్ తెప్పించాడు. అది కాసేపు కిర్రుకిర్రుమంది. ఆగింది. మళ్లీ కిర్రుమంది. చదవలేనంది. బీరువాలో భద్రంగా ఉన్న ఆ నల్లటి పలకలో అక్షరాలు ఎప్పుడు చెరిగిపోయాయో ఆయనకు తెలియనే తెలియదు.

ఆట దొరికింది వేరేచోట. ఆయన పాత క్లాస్‌మేట్ ఒకాయన వస్తువుల విషయంలో అజాగ్రత్త మనిషి. కానీ కంప్యూటర్ మార్చినప్పుడల్లా ఉన్నదంతా కొత్తదానిలోకి కుమ్మరించే అలవాటుంది. ఫ్లాపీ నుంచి హార్డ్‌డిస్క్‌కి, అక్కణ్నుంచి సీడీకి, సీడీ నుంచి పెన్‌డ్రైవ్‌కి... అలా అలా ఆ ఆట ముప్పై ఏళ్లు ఇళ్లు మారుతూ బతికేసింది. పదిలంగా దాచుకున్న మనిషి దగ్గర పోయింది, పదేపదే ఎత్తిపోసుకున్న మనిషి దగ్గర మిగిలింది!

ఆ తర్వాత కథ సాఫీగానే నడిచింది. 'గేమ్స్' పేరుతో ఫోల్డర్ పెట్టి ఆటని అందులో వేశాడు. డాస్‌బాక్స్ తెరిచి 'మౌంట్' అనే ఆదేశంతో ఆ ఫోల్డర్ని సి డ్రైవ్‌గా చూపించాడు. ఆ తర్వాత డ్రైవ్ మారడం, ఫోల్డర్లోకి వెళ్లడం, ఆట పేరు కొట్టడం... వేళ్లు తమంతట తామే చేసేశాయి.

''ఇదేంటి నాన్నా, అగ్గిపెట్టంత వచ్చింది?'' అంది కూతురు. ఆల్ట్, ఎంటర్ కలిపి నొక్కాడు. తెర నిండింది. ''మనిషి పొట్టిగా ఉన్నాడేంటి?'' నిజమే! ఆనాటి బొమ్మ అడ్డంగా 320, నిలువుగా 200 చుక్కలు. అప్పటి మానిటర్లు దాన్ని నిలువుగా కాస్త సాగదీసి చూపేవి. డాస్‌బాక్స్ సెట్టింగుల్లో 'యాస్పెక్ట్' అనేదాన్ని 'ట్రూ' చేశాక రాకుమారుడు తన ఎత్తుకి తాను వచ్చాడు. ఆట మరీ వేగంగా ఉందనిపిస్తే కంట్రోల్‌తో ఎఫ్11, నెమ్మదిగా ఉంటే ఎఫ్12 నొక్కితే చాలు.

కాసేపటికి ఓ గది వచ్చింది. వరసగా సీసాలు, ఒక్కో సీసా దగ్గర ఒక్కో అక్షరం. ఆటతోపాటు వచ్చే పుస్తకంలో ఫలానా పేజీలో, ఫలానా వరసలో, ఫలానా మాట మొదటి అక్షరం చూసి ఆ సీసాలోది తాగాలి. కొనకుండా కాపీ కొట్టినవాళ్లని పట్టుకోవడానికి పెట్టిన కాపలా అది. ఆయన బ్యాచ్‌లో పుస్తకం చూసినవాళ్లే లేరు. సరైన అక్షరాల జాబితా మాత్రం నోట్‌బుక్‌లో చేతులు మారుతుండేది. ఆ నోట్‌బుక్ ఇప్పుడెక్కడుందో? తప్పు సీసా తాగి నాలుగుసార్లు చచ్చాక ఐదోసారి అదృష్టం కలిసొచ్చింది.

''ఎన్ని లైఫ్‌లు నాన్నా?'' అనడిగింది పిల్ల.

''ఎన్నిసార్లు చచ్చినా పర్లేదు తల్లీ. టైమే అయిపోకూడదు.''

ఆమె ఆడింది. శూలాల మీద పడింది. మళ్లీ ఆడింది. ఓ పెద్ద గెంతు తర్వాత ఆగి, ''నిజంగా ఎవరో దూకుతున్నట్టే ఉంది కదా?'' అంది.

తమ్ముడి పరుగు

ఆ పిల్లకి తెలియకపోయినా, ఆమె అన్నది అక్షరాలా నిజం. నిజంగానే ఒకరు దూకారు. ఆ ఆట సృష్టికర్త జోర్డాన్ మెక్‌నర్ అమెరికన్. 1985లో కాలేజీ చదువు ముగించిన కొత్తల్లో తెల్లబట్టలు వేసుకున్న టీనేజీ తమ్ముడు డేవిడ్‌ని ఓ పార్కింగ్ స్థలంలో పరుగెత్తించాడు, దూకించాడు, గోడపట్టుకుని ఎక్కించాడు. అదంతా వీడియో తీశాడు. ఆ వీడియోని ఆపి ఆపి ఒక్కో భంగిమనీ ఫొటో తీసి, చుట్టూ గీత గీసి కంప్యూటర్లోకి ఎక్కించాడు. అప్పటిదాకా ఆటల్లో బొమ్మలు కొయ్యబొమ్మల్లా కదిలేవి. ఈ బొమ్మ మాత్రం తూలింది, తడబడింది, అంచు పట్టుకుని వేలాడింది. కత్తియుద్ధం 1938 నాటి 'రాబిన్‌హుడ్' సినిమాలోని పోరాటం చూసి గీసుకున్నాడు. ఆట సంగీతం సమకూర్చింది వాళ్ల నాన్న ఫ్రాన్సిస్. ఒకరకంగా అది ఆ ఇంటి ఫ్యామిలీ ఆల్బమ్!

ఆపిల్ టూ అనే కంప్యూటర్ కోసం రాసిన ఈ ఆట 1989లో వచ్చింది. మెమొరీ ఎంత ఇరుకంటే, ఎదురు నిలిచే శత్రువుకి విడిగా బొమ్మలు గీస్తే పట్టే చోటే లేదు. దాంతో రాకుమారుడి బొమ్మనే కాస్త తిరకాసు చేసి అతని నీడనే శత్రువుగా నిలబెట్టాడు మెక్‌నర్. ఆ నీడమనిషిని కత్తితో కొడితే దెబ్బ మనకే తగులుతుంది. కత్తి దించి ఎదురెళ్తే ఇద్దరూ ఒకటైపోతారు. ఆట మొత్తమ్మీద అందరికీ గుర్తుండిపోయిన ఘట్టం అదే. డాస్‌లోకి ఈ ఆట వచ్చింది 1990లో. మన ల్యాబుల్లోకి వచ్చింది అదే.

ఇంత పేరొచ్చిన ఆటకి అసలు ప్రతి, అంటే మెక్‌నర్ స్వయంగా రాసిన ప్రోగ్రాము ఏమైంది? పోయింది! 2003లో వచ్చిన కొత్త ప్రిన్స్ ఆట తయారవుతున్నప్పుడు వెతికితే దొరకలేదు. 2012లో వాళ్ల నాన్న అలమరా వెనక దుమ్ముకొట్టుకుపోయిన పెట్టెనొకదాన్ని కొడుక్కి పంపారు. అందులో ఉన్నాయి, ఆ ఫ్లాపీలు. దొరికితే చాలా? వాటిని చదవాలంటే పాత యంత్రాలు కావాలి, వాటి మర్మం తెలిసిన మనుషులు కావాలి. పాత కంప్యూటర్ వస్తువుల్ని కాపాడే జేసన్ స్కాట్, ఆపిల్ టూ యంత్రాల నిపుణుడు టోనీ డియాజ్ సరంజామాతో మెక్‌నర్ ఇంటికొచ్చారు. ఫ్లాపీలు ఇంకా పలికాయి. ఆ ప్రోగ్రామును మెక్‌నర్ అందరూ చూసేలా ఇంటర్నెట్‌లో పెట్టేశారు. ఇక అది ఒక్క అలమరాని నమ్ముకుని లేదు.

ఎత్తి రాస్తేనే...

అన్ని ఆటలకీ ఆ అదృష్టం లేదు. 2010కి ముందు అమెరికాలో విడుదలైన ఆటల్లో 87 శాతం ఇప్పుడు మార్కెట్లో దొరకడం లేదని అక్కడి వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో ప్రకటించింది. అమ్మేవాళ్లు లేకపోయినా హక్కులు మాత్రం యజమానులవే. కాబట్టి ఎక్కడపడితే అక్కడ దొరికే కాపీలు చట్టబద్ధం కావు. దొరికేవాటిని కొనుక్కోవచ్చు. డాస్‌బాక్స్‌ని జతచేసి పాత ఆటల్ని అమ్మే దుకాణాలు ఇంటర్నెట్‌లో ఉన్నాయి. దొరకనివాటి సంగతే ఎటూ తేలడం లేదు.

ఈ తంటా తెలుగువాళ్లకి కొత్తేం కాదు. తాళపత్రాలకి పురుగు పడుతుంది, తేమ తగులుతుంది. తరానికోసారి ఎవరో కూర్చుని కొత్త ఆకుల మీదికి ఎత్తి రాశారు కాబట్టే పాత కావ్యాలు మనదాకా వచ్చాయి. 19వ శతాబ్దంలో కడపలో సి.పి.బ్రౌన్ పండితుల్ని, లేఖకుల్ని జీతాలిచ్చి పెట్టుకుని చేయించింది కూడా ఈ పనే. ఆకుల్ని గుడ్డలో చుట్టి అటకమీద పెట్టిన ఇళ్లలో మిగిలింది చాలాసార్లు పొట్టే.

ఇప్పుడు ఆ అటకలు మన ఇళ్లలోనూ ఉన్నాయి. పెళ్లి వీడియో క్యాసెట్ ఉంటుంది, వీసీఆర్ ఉండదు. పిల్లాడి మొదటి పుట్టినరోజు ఫొటోల సీడీ ఉంటుంది, కొత్త ల్యాప్‌టాప్‌కి సీడీ డ్రైవ్ ఉండదు. తాతగారు తన జ్ఞాపకాల్ని డీటీపీ సెంటర్లో కొట్టించి దాచిన ఫైలు ఉంటుంది. యూనికోడ్‌కి ముందునాటి ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే తెలుగు బదులు అర్థంలేని ఇంగ్లిషు అక్షరాలు కనిపిస్తాయి. ఆటకైతే ప్రపంచమంతా అభిమానులున్నారు. డాస్ ప్రతిని విప్పి చూసి, కొత్త కంప్యూటర్ల మీద నేరుగా నడిచేలా మళ్లీ రాసినవాళ్లూ ఉన్నారు. తాతగారి ఫైలుకి అభిమానులంటే ఇంట్లోవాళ్లే.

వీసీఆర్ బాగుచేసే మెకానిక్, పాత ఫాంటుని యూనికోడ్‌లోకి మార్చిపెట్టే డీటీపీ కుర్రాడు ఇంకా కొన్ని ఊళ్లలో ఉన్నారు. పెట్టె దించాలనుకునేవాళ్లు వాళ్ల ఫోన్ నంబరు ముందు కనుక్కోవడం మంచిది. దించాక ఒక కాపీ అన్నయ్య దగ్గర, ఒకటి అక్క దగ్గర, ఒకటి పిల్లల దగ్గర ఉంచాలి. కొత్త కంప్యూటర్ కొన్న ప్రతిసారీ ఆ ఫోల్డర్ కూడా ఇల్లు మారిందో లేదో చూసుకోవాలి.